తెనాలి దాకా

సుభానీ మేస్త్రి మొదటి ఏడాది నాకు నేర్పింది
సంచి మొయ్యడం.
రెండో ఏడాది, అదే సంచిలో చూడకుండా చెయ్యి పెట్టి
అరంగుళం ఎల్బో ఏదో, ముప్పావు ఏదో చెప్పడం.

బ్రాడీపేట నాలుగో లైన్లో ఒక డాబా మీద
డై తిప్పుతూ అన్నాడు:
"కీచుమందంటే నూనె అడుగుతోందిరా.
ఏడిపించి కోసిన మర
ఎన్నాళ్లో నీళ్లు మొయ్యదు."
నార దువ్వి, సఫేదా రాసి
మర తిరిగే వైపే చుట్టాలి.
ఎదురు చుట్టినందుకు ఓసారి
రెంచీతో కాదుగానీ
రెంచీ పట్టుకున్న చేత్తోనే మొట్టాడు.
ఇప్పటికీ నార కనబడితే నెత్తి తడుముకుంటాను.

తర్వాత ఇనప పైపు పోయింది.
ప్లాస్టిక్కొచ్చింది, డబ్బాలో జిగురొచ్చింది.
డై సెట్టు అప్పు ఇంకా తీరని మనిషి,
యాభై దాటిన మనిషి,
అరండల్‌పేట కొట్టు ముందు నిలబడి
డబ్బా మీది అక్షరాలు నాచేత చదివించుకున్నాడు.
మూడుసార్లు.
రాయి, తొయ్యి, పావు వంతు తిప్పు,
అర నిమిషం కదలకుండా పట్టుకో.

వాచీ ఎరగని చేతులవి.
అర నిమిషమంటే ఎంతో కాసేపు ఆలోచించి
తను రోజూ వచ్చే పాసింజరు బండి ఎక్కాడు:
గుంటూరు...
వేజండ్ల...
సంగం జాగర్లమూడి...
"ఇక్కడ కాస్త ఆగరా, తొందరేంటి,
మన ఊరి కుళాయికి నీళ్లొచ్చేది ఇక్కణ్ణించే."
అంగలకుదురు...
తెనాలి.
అప్పుడు వదిలాడు వేళ్లు.

ఎన్నో ఏళ్లు నేనూ అలా తెనాలి వెళ్లాను,
సింకుల కింద వెల్లకిలా పడుకుని
టికెట్ లేకుండా.

ఈమధ్య ఏటా కంపెనీవాళ్లు పిలుస్తున్నారు.
లక్ష్మీపురంలో ఏసీ హాలు,
ఒక టోపీ, ఒక బిర్యానీ,
ఇంటిపేరు తప్పు పడిన సర్టిఫికెట్.
నున్నగా గీసుకున్న కుర్రాడొకడు తెర మీద బొమ్మలేసి
ఇన్నాళ్లూ మీరు చేసింది తప్పంటాడు.
సగం మంది బిర్యానీకే వస్తారు, దాచేదేముంది,
మొదటిసారి నేనూ అందుకే వెళ్లాను.

ఆ రోజు వాడు చెప్పాడు:
వేడినీళ్ల పైపు సాగుతుందంట,
ఎండకి రైలు పట్టా సాగినట్టు.
గోడలో దానికి చోటొదలాలంట.
కొరిటెపాడులో ఒక బాత్రూం గోడ గుర్తొచ్చింది.
పైపు బిగించి పూడ్చింది నేను.
టైల్స్ చిట్లితే నింద పడింది
తాపీ పని చేసిన ఏసోబు మీద.
ఆ పని కూలి అతనికి ఇవ్వలేదు.
నేను పక్కనే ఉన్నాను, నా కూలి లెక్కపెట్టుకుంటూ.

బిర్యానీ సహించలేదు.

మర్నాడు ఏసోబు ఇంటికెళ్లి చెప్పాను.
"పదకొండేళ్ల నాటి గోడ కదన్నా" అని నవ్వాడు.
నవ్వాడుగానీ
కూర్చోమనలేదు.

ఇప్పుడు నా సంచి మోసేది లూర్దు.
మొయ్యడమేంటి, బండి వెనక కట్టేస్తుంది.
ఐటీఐ చదివింది, ఫిరంగిపురం పిల్ల.
గోడ మూసేముందు పంపు కొట్టి
మీటరు ముల్లు చూపిస్తుంది:
"పడుతోంది బాబాయ్, ఎక్కడో కారుతోంది."
నేను గోడకి చెవి ఆనిస్తాను. ఏమీ వినపడదు.
అరగంట తర్వాత టీ జాయింటు దగ్గర
చెమటలాగా ఒక చుక్క.
ముల్లుదే నిజం.
మీటరు చదవడం ఇంకా నేర్చుకుంటున్నాను,
కళ్లజోడు మరిచిపోయిన రోజు తను చదివి పెడుతుంది.

నిన్న పట్టాభిపురంలో
తన రెండు చేతులూ జాయింటు మీద,
ఫోను ఎక్కడో సంచి అడుగున.
టైము చూడు బాబాయ్ అంది.
బండెక్కమన్నాను.
మా లైను కాదుగా, తన లైను ఎక్కింది:
గుంటూరు, నల్లపాడు, పేరేచర్ల, ఫిరంగిపురం...
చెయ్యి తియ్యబోయింది.

ఇంకా పచ్చిగానే ఉంది జిగురు.
ఇల్లొచ్చిందని దిగిపోకే తల్లీ,
నరసరావుపేట దాకా పద.